$పాత్‌ను చక్కబెట్టే పని: ప్రాజెక్టు డైరీ

సోమవారం

ఏళ్ల తరబడి రాసుకుంటూ వచ్చిన చిన్న షెల్ స్క్రిప్టులు (షెల్ అంటే మనం కొట్టిన కమాండ్లను చదివి నడిపే ప్రోగ్రాం) హోమ్ డైరెక్టరీ అంతటా చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ముఖ్యమైన ఫైళ్లకు నకలు తీసేది ఒకటి, ఫొటోల పేర్లు తేదీల వారీగా మార్చేది ఒకటి, పాత లాగ్ ఫైళ్లను కుదించేది ఇంకొకటి. దేన్ని నడపాలన్నా పూర్తి చిరునామా రాయాలి, లేదా ఆ డైరెక్టరీలోకి వెళ్లి పేరు ముందు ./ తగిలించాలి. ఈ ప్రాజెక్టు లక్ష్యం చిన్నదే: అన్నిటినీ ~/బిన్‌లోకి (~ అంటే హోమ్ డైరెక్టరీ) చేర్చి, ఉత్త పేరు కొడితే నడిచేలా చేయడం. షరతు మాత్రం కాస్త పెద్దది. టెర్మినల్‌లో కొట్టినా, వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్ నడిపినా, రూట్ అనుమతులు ఇచ్చే సుడోతో పిలిచినా, వేరే యంత్రం నుంచి ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా అడిగినా ఒకే పేరుకు ఒకే ప్రోగ్రాం నడవాలి.

కొట్టిన పేరును ఏయే డైరెక్టరీల్లో వెతకాలో చెప్పే జాబితా $పాత్. అందులో ~/బిన్‌ను చేర్చడానికి ఒక్క వరుస చాలంటారు. నేను వాడే షెల్ పేరు బాష్. టెర్మినల్ తెరవగానే అది చదివే .బాష్‌ఆర్‌సీ ఫైలు చివర ఎక్స్‌పోర్ట్ పాత్=$పాత్:~/బిన్ అని రాసి, టెర్మినల్ మూసి మళ్లీ తెరవమంటారు. అది పనిచేస్తుంది కూడా, టెర్మినల్ వరకు. మిగతా చోట్ల ఎందుకు పనిచేయదో తెలుసుకోకుండా ఆ వరుస రాసేయడం నాకు నచ్చలేదు. అందుకని మార్చడం తర్వాత, ముందు ఉన్నదాన్ని చదవడం.

ఎకో $పాత్ అంటే డైరెక్టరీల పేర్లన్నీ కోలన్లతో అతుక్కుని ఒకే వరుసగా వస్తాయి. కంటికి ఆనదు. కోలన్ ఉన్న చోటల్లా వరుస విరిస్తే చదవడం తేలిక:

ఎకో "$పాత్" | టీఆర్ ':' '\ఎన్'

జాబితా చూస్తే యంత్రం చరిత్ర మొత్తం కనిపించింది. ఎప్పుడో తీసేసిన ఒక కంపైలర్ డైరెక్టరీ ఇంకా అక్కడే ఉంది, డిస్కులో మాత్రం లేదు. ఏదో ఇన్‌స్టాలర్ చేర్చిన ఒక డైరెక్టరీ రెండుసార్లు వచ్చింది. నడుమ ఒక ఖాళీ వరుస కూడా ఉంది. మొదటి రెండూ చెత్త, అంతే. ఖాళీ వరుస చెత్త కాదు, దానికి అర్థం ఉంది. దాని సంగతి విడిగా రాయాలి.

సోమవారం రాత్రి

షెల్‌లో ఒక పేరు కొట్టగానే అది నేరుగా $పాత్ దగ్గరకు పరుగెత్తదు. పేరులో ఒక్క / గుర్తు ఉన్నా వెతుకులాట అన్నదే ఉండదు, ఆ చిరునామాలోని ఫైలునే నడుపుతుంది. ./ తగిలించడం వెనుక ఉన్న రహస్యం ఇంతే. / లేకపోతే ముందు ఏలియాస్ (కమాండ్‌కు పెట్టుకున్న మారుపేరు), తర్వాత ఫంక్షన్ (షెల్‌లోనే పేరు పెట్టి రాసుకున్న వరుసల కట్ట), తర్వాత షెల్ తనలోనే ఉంచుకున్న బిల్ట్‌ఇన్ కమాండ్లు. ఇవేవీ కాకపోతేనే $పాత్‌లోని డైరెక్టరీలను ఎడమ నుంచి కుడికి ఒక్కొక్కటిగా చూస్తుంది. ఆ పేరుతో, నడిపే అనుమతి ఉన్న ఫైలు మొదట ఎక్కడ దొరికితే అక్కడితో ఆగిపోతుంది. కుడివైపు ఇంకా మంచిది, ఇంకా కొత్తది ఉన్నా దానికి పట్టదు.

కొత్తగా ప్రోగ్రాములు రాసేవాళ్లు తమ మొదటి ప్రోగ్రాంకు టెస్ట్ అని పేరు పెట్టి, నడిపితే ఏమీ జరగడం లేదని తల పట్టుకోవడం యూనిక్స్ లోకంలో పాత ముచ్చట. టెస్ట్ అనేది షెల్ బిల్ట్‌ఇన్. $పాత్‌ను ఎన్ని రకాలుగా మార్చినా దాని ముందు మీ ఫైలుకు వంతు రాదు. నా స్క్రిప్టులకు నకలు, కుదింపు, పేరుమార్పు లాంటి పేర్లు పెట్టుకోవడానికి ఇదీ ఒక కారణం. ఏ బిల్ట్‌ఇన్‌తోనూ పేచీ రాదు.

ఏ పేరు ఎక్కడ తేలుతుందో అడగడానికి చాలామంది విచ్ వాడతారు. నా మొగ్గు టైప్ వైపు. బాష్‌లో విచ్ ఒక బయటి ప్రోగ్రాం. దానికి తెలిసింది $పాత్ మాత్రమే. నా ఏలియాస్‌లు, ఫంక్షన్లు, బిల్ట్‌ఇన్‌లు దాని కంట పడవు. టైప్ షెల్‌లోనే ఉంటుంది కాబట్టి నిజంగా నడవబోయేది ఏదో చెబుతుంది. టైప్ -ఎ అంటే దొరికినవన్నీ వరుసలో చూపిస్తుంది. స్క్రిప్టుల్లో వాడటానికైతే యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో ఉన్న కమాండ్ -వి ఉంది, ఆ ప్రమాణం పాటించే ఏ షెల్‌లోనైనా నడుస్తుంది.

ఫైళ్ల పేర్లు చూపే ఎల్‌ఎస్ గురించి టైప్ -ఎ ఎల్‌ఎస్ అని అడిగితే ముందు ఒక ఏలియాస్, దాని కింద /యూఎస్ఆర్/బిన్/ఎల్‌ఎస్, ఆ తర్వాత /బిన్/ఎల్‌ఎస్ వచ్చాయి. రెండు ఎల్‌ఎస్‌లు ఉన్నాయని కంగారు అక్కర్లేదు. ఈ లినక్స్‌లో /బిన్ అనేది /యూఎస్ఆర్/బిన్‌కు వేసిన లింకు. ఫెడోరా లినక్స్ 2012లో 17వ విడుదలతో ఈ రెండింటినీ కలిపేసింది, తర్వాత మిగతావీ ఆ బాటే పట్టాయి. రెండు దారులు, ఫైలు ఒకటే.

మంగళవారం

ఇవాళ్టి ప్రయోగం ఈ ప్రాజెక్టులో నాకు బాగా నచ్చినది. వెతుకులాటను కళ్లారా చూడాలనిపించింది. లినక్స్‌లో ఎస్ట్రేస్ అనే పనిముట్టు ఉంది. ఒక ప్రోగ్రాం కెర్నల్‌ను (వ్యవస్థ గుండెకాయను) ఏమేమి అడుగుతోందో వరుసగా రాసి చూపిస్తుంది. ఇచ్చిన పేరును వెతికి నడిపే ఎన్వ్ అనే చిన్న ప్రోగ్రాంకు, ఎక్కడా లేని ఒక పేరు ఇచ్చి, దాన్ని ఎస్ట్రేస్ కింద నడిపాను:

ఎస్ట్రేస్ ఎన్వ్ లేనిపేరు

ముందు లైబ్రరీలు తెరిచే గోల. తర్వాత అసలు భాగం. ఎగ్జెక్‌వీఈ /యూఎస్ఆర్/లోకల్/బిన్/లేనిపేరు, జవాబు: అలాంటి ఫైలు లేదు. ఎగ్జెక్‌వీఈ /యూఎస్ఆర్/బిన్/లేనిపేరు, జవాబు: లేదు. ఇలా $పాత్‌లో ఉన్న ప్రతి డైరెక్టరీ పేరును లేనిపేరుకు అతికించి, ఇది నడుపు, పోనీ ఇది నడుపు అని కెర్నల్‌ను అడుగుతూ పోయింది. డిస్కులో లేని ఆ పాత కంపైలర్ డైరెక్టరీని కూడా వదల్లేదు. అన్నీ అయ్యాక చేతులెత్తేసింది. తిరిగివచ్చిన అంకె 127. పేరు దొరకనప్పుడు షెల్ ఇచ్చేదీ ఇదే అంకె. ఫైలు దొరికి, నడిపే అనుమతి లేకపోతే 126. స్క్రిప్టు ఎక్కడో మౌనంగా చచ్చినప్పుడు ఈ రెండు అంకెల తేడా తెలిసి ఉంటే సగం పని అయినట్టే.

ఇందులో గమనించాల్సినది కెర్నల్ పాత్ర. దానికి $పాత్ అంటే ఏమిటో తెలియదు. దానికి అందేది ఎప్పుడూ నడపాల్సిన ఫైలు చిరునామాయే. వెతికేది షెల్, లేదా ఎన్వ్ లాంటి ప్రోగ్రాం, లేదా అవి వాడుకునే సీ లైబ్రరీలోని ఎగ్జెక్‌వీపీ అనే ఫంక్షన్. అంటే $పాత్ అన్నది కంప్యూటర్‌కు ఉన్న అమరిక కాదు. ప్రతి ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) దగ్గర సొంతంగా ఒక ప్రతి ఉంటుంది, దాన్ని పుట్టించిన ప్రాసెస్ ఇచ్చిన ప్రతి అది. "పాత్ ఎక్కడ సెట్ అవుతుంది" అని అడిగినంత కాలం జవాబు దొరకదు. "ఈ ప్రాసెస్‌కు దీన్ని ఎవరు ఇచ్చారు" అని అడగాలి. క్రాన్, సుడో, ఎస్‌ఎస్‌హెచ్ ఎందుకు వేరుగా ప్రవర్తిస్తాయన్న దానికి జవాబు మొత్తం ఈ ప్రశ్నలోనే ఉందని ఇవాళ్టికి నాకు నమ్మకం కుదిరింది.

చరిత్ర తిరగేస్తే ఇంకో ముచ్చట దొరికింది. 1975 నాటి ఆరో ఎడిషన్ యూనిక్స్‌లో కెన్ థాంప్సన్ షెల్‌కు $పాత్ లేదు. వెతికే చోట్లు ప్రోగ్రాంలోనే రాసేసి ఉన్నాయి: ముందు ఇచ్చిన పేరు ఉన్నదున్నట్టు, తర్వాత /బిన్, తర్వాత /యూఎస్ఆర్/బిన్. దాన్ని రాసిన తీరు చూస్తే నవ్వొస్తుంది. /యూఎస్ఆర్/బిన్/ వెనుక కమాండ్ పేరు అతికించి ఒకే అక్షరాల వరుస తయారుచేస్తుంది. మొదటి నాలుగు అక్షరాలు దాటేసి ఇస్తే అదే /బిన్ చిరునామా అవుతుంది, మొదటి నుంచి ఇస్తే /యూఎస్ఆర్/బిన్ చిరునామా. ఒక్క అక్షరాల వరుసతో రెండు వెతుకులాటలు. మెమరీని అంత పొదుపుగా వాడిన రోజులవి. తర్వాత జాన్ మాషే తన పీడబ్ల్యూబీ (ప్రోగ్రామర్స్ వర్క్‌బెంచ్ అనే యూనిక్స్ రకం) షెల్‌లో $పీ అనే వేరియబుల్‌తో ఈ జాబితాను వాడేవారి చేతికి ఇచ్చాడు. 1979లో ఏడో ఎడిషన్‌తో వచ్చిన స్టీఫెన్ బోర్న్ షెల్‌లో అది ఇప్పుడు మనం చూస్తున్న రూపానికి వచ్చింది: కోలన్లతో విడదీసిన జాబితా, ఎన్విరాన్‌మెంట్ (ప్రాసెస్ పుట్టినప్పుడు దానికి అందే వేరియబుల్‌ల మూట) ద్వారా పిల్ల ప్రాసెస్‌లకు అందడం.

బుధవారం

ముందుగా విధ్వంస ప్రయోగం. వేరే టెర్మినల్ ఒకటి తెరిచి, అందులో పాత్= అని మాత్రమే కొట్టి విలువను ఖాళీ చేశాను. ఎల్‌ఎస్ లేదు, క్యాట్ లేదు, చివరికి విచ్ కూడా లేదు. బాష్ ఇచ్చే సందేశం కూడా మారుతుంది. మామూలుగా కమాండ్ దొరకలేదని అంటుంది, ఇప్పుడు అలాంటి ఫైలు లేదా డైరెక్టరీ లేదని అంటోంది. ఈ తేడా కనిపిస్తే $పాత్ ఖాళీ అయిందేమోనని మొదట అనుమానించాలి.

అయినా షెల్ చావలేదు. సీడీ పనిచేస్తుంది, అది బిల్ట్‌ఇన్. బిల్ట్‌ఇన్‌గానే ఉండాలి కూడా. బయటి ప్రోగ్రాం అయితే తన డైరెక్టరీ మార్చుకుని తాను ముగిసిపోతుంది, షెల్ ఉన్నచోటే ఉంటుంది. ఎకో * అంటే ఆ డైరెక్టరీలోని ఫైళ్ల పేర్లన్నీ వస్తాయి, ఎందుకంటే * ను విడమరిచేది షెల్. ఎల్‌ఎస్ లేని లోటు అలా తీరుతుంది. /బిన్/ఎల్‌ఎస్ అని పూర్తి చిరునామా రాసినా నడుస్తుంది. కోలుకోవడానికి పాత్=/యూఎస్ఆర్/బిన్:/బిన్ చాలు. ఆ యంత్రంలో ప్రామాణిక పనిముట్లన్నీ దొరికే విలువ ఏదో తెలుసుకోవాలంటే గెట్‌కాన్ఫ్ పాత్ చెబుతుంది. ప్రొఫైల్ ఫైలును ఎవరైనా పాడుచేసి మీ చేతికి యంత్రం ఇస్తే ఈ పేరా అక్కరకొస్తుంది.

ఇక ఆ ఖాళీ వరుస సంగతి. $పాత్‌లో రెండు కోలన్లు పక్కపక్కన ఉన్నా, మొదట్లోనో చివర్లోనో ఒంటరి కోలన్ ఉన్నా, ఆ ఖాళీ చోటుకు అర్థం "ప్రస్తుతం ఉన్న డైరెక్టరీ". ఏడో ఎడిషన్‌లో షెల్ సొంతంగా పెట్టుకునే విలువే :/బిన్:/యూఎస్ఆర్/బిన్. మొదటి కోలన్‌కు ముందు ఏమీ లేదు, అంటే అన్నిటికన్నా ముందు మీరున్న డైరెక్టరీలోనే వెతికేది. ఒకరినొకరు ఎరిగిన కొద్దిమంది వాడే యంత్రంలో అది సౌకర్యం. అందరూ రాయగల డైరెక్టరీలు ఉన్న యంత్రంలో అదే ఉచ్చు. ఎవరైనా /టీఎంపీలో ఎల్‌ఎస్ అనే పేరుతో ఒక స్క్రిప్టు పెట్టి ఊరుకుంటే చాలు. మీరు అందులోకి వెళ్లి ఎల్‌ఎస్ కొట్టగానే మీ అనుమతులతో వాళ్ల స్క్రిప్టు నడుస్తుంది. అన్ని అనుమతులూ ఉన్న రూట్ వాడుకరి అయితే ఇక చెప్పేదేముంది.

చుక్కను (ప్రస్తుతం ఉన్న డైరెక్టరీకి గుర్తు) జాబితా చివర పెడితే ప్రమాదం లేదని కొందరి వాదన. ఎల్‌ఎస్‌కు ప్రమాదం లేకపోవచ్చు. వేళ్లు జారి ఎస్‌ఎల్ అని కొట్టేవాళ్ల మాటేమిటి? ఆ పేరుతోనూ ఫైలు పెట్టవచ్చు కదా. నా $పాత్‌లో చుక్కకు గానీ ఖాళీకి గానీ చోటు లేదు, ఏ చివరా. ./ అనే రెండు అక్షరాలు కొట్టడం బరువైన పనేమీ కాదు.

ఈ ఖాళీ నా జాబితాలోకి ఎలా వచ్చిందో కూడా దొరికింది. ఒక ఇన్‌స్టాలర్ తన వేరియబుల్‌ను $పాత్‌కు నేరుగా అతికిస్తోంది. ఆ వేరియబుల్ ఖాళీగా ఉన్న రోజున కోలన్ ఒక్కటే మిగులుతుంది. ఆ వరుస తీసేశాను. అదే ఊపులో జాబితాలోని ప్రతి డైరెక్టరీకి ఎల్‌ఎస్ -ఎల్‌డీ కొట్టి, ఇతరులు రాయగలిగేవి ఉన్నాయేమో చూశాను. లేవు.

గురువారం

ఇప్పుడు మార్పు. కొత్త డైరెక్టరీ జాబితా ముందు చేరాలా, వెనుక చేరాలా అన్నది మొదటి ప్రశ్న. ముందు పెడితే నా స్క్రిప్టు పేరు వ్యవస్థలోని కమాండ్ పేరుతో కలిసినప్పుడు నాది గెలుస్తుంది. వెనుక పెడితే వ్యవస్థదే గెలుస్తుంది. ఒక కమాండ్‌కు కావాలనే కొత్త రూపం తొడగాలనుకుంటే ముందు పెట్టక తప్పదు. నేను ముందే పెట్టాను. ~/బిన్‌లోకి నేను తప్ప ఎవరూ రాయలేరు, అందులోని ప్రతి పేరూ నాకు తెలుసు. ఇతరుల ప్యాకేజీలు వచ్చి చేరే డైరెక్టరీ అయితే వెనుకకే పంపేవాణ్ని.

పాత్="$హోమ్/బిన్:$పాత్"

ఉల్లేఖన చిహ్నాల్లో ~ బదులు $హోమ్ రాయడానికి కారణం ఉంది. ఉల్లేఖనల లోపల ~ గుర్తును షెల్ విడమరచదు, అది అక్షరంగానే $పాత్‌లో కూర్చుంటుంది. ఇందులో మాయ ఏమిటంటే బాష్ తాను వెతికేటప్పుడు ఆ ~ ను అర్థం చేసుకుని హోమ్ డైరెక్టరీలో చూస్తుంది. అందుకని టెర్మినల్‌లో అంతా బాగున్నట్టే ఉంటుంది. ఎన్వ్, మేక్, ఎడిటర్ లాంటివి సీ లైబ్రరీ ద్వారా వెతుకుతాయి. వాటికి ~ అంటే ఆ పేరుతో ఉన్న ఒక డైరెక్టరీ. "టెర్మినల్‌లో నడుస్తుంది, మేక్‌ఫైల్‌లో నడవదు" అన్న ఫిర్యాదులు వింటే నేను ముందు ఉల్లేఖనల్లో ~ కోసం చూస్తాను.

విలువను పిల్ల ప్రాసెస్‌లకు పంపే గుర్తు పెట్టే ఎక్స్‌పోర్ట్ అవసరమా? $పాత్ లాగిన్ నాటికే ఎక్స్‌పోర్ట్ అయి ఉంటుంది, విలువ మార్చినా ఆ గుర్తు పోదు. రాస్తే నష్టం లేదు. తెలుసుకోవాల్సింది అది ఏ దిశలో పారుతుందన్నది. తల్లి ప్రాసెస్ నుంచి పిల్లకు ప్రతి వెళ్తుంది, పిల్ల చేసుకున్న మార్పు తల్లికి తిరిగి రాదు. అందుకే $పాత్ మార్చే వరుసను ఒక స్క్రిప్టులో రాసి ఆ స్క్రిప్టును నడిపితే, అది ముగిసే సరికి మార్పూ పోతుంది. చుక్క కమాండ్‌తో చదివిస్తే, అంటే . ~/.ప్రొఫైల్ అంటే, ఆ వరుసలు ఇప్పుడున్న షెల్‌లోనే నడుస్తాయి.

ఏ ఫైలులో రాయాలన్నది ఈ రంగంలో అందరినీ విసిగించే ప్రశ్న. బాష్ మట్టుకు నియమం ఇది: లాగిన్ షెల్ (వాడుకరి లోపలికి రాగానే మొదలయ్యేది) అయితే ముందు /ఈటీసీ/ప్రొఫైల్, తర్వాత హోమ్‌లోని .బాష్_ప్రొఫైల్, .బాష్_లాగిన్, .ప్రొఫైల్ ఈ వరుసలో మొదట కనిపించిన ఒక్కటి మాత్రమే చదువుతుంది. లాగిన్ కాని ఇంటరాక్టివ్ షెల్ (మనిషి ఎదురుగా కూర్చుని కమాండ్లు కొట్టేది) అయితే .బాష్‌ఆర్‌సీ. "మొదట కనిపించిన ఒక్కటి" అన్నచోట చాలామంది పడతారు. ఏదో ఒక ఇన్‌స్టాలర్ .బాష్_ప్రొఫైల్ అనే కొత్త ఫైలు సృష్టిస్తే, మీరు .ప్రొఫైల్‌లో రాసుకున్నవన్నీ ఆ క్షణం నుంచి మూగబోతాయి. ఫైలు ఉంటుంది, చదివేవారు ఉండరు.

నేను .ప్రొఫైల్‌నే ఎంచుకున్నాను. దాన్ని బాష్‌తో పాటు డ్యాష్ లాంటి ఇతర షెల్‌లూ చదువుతాయి. లాగిన్ సమయంలో ఒకసారి విలువ కడితే కింద పుట్టే ప్రతి ప్రాసెస్‌కూ అదే వారసత్వంగా అందుతుంది. .బాష్‌ఆర్‌సీలో రాస్తే షెల్ లోపల షెల్ తెరిచిన ప్రతిసారీ ~/బిన్ ఇంకోసారి ముందు చేరుతూ పోతుంది. డెబియన్ లినక్స్ కుటుంబంలో .ప్రొఫైల్‌లోనే ~/బిన్ ఉందేమో చూసి చేర్చే వరుసలు ముందుగానే ఉంటాయి. లాగిన్ అయ్యే నాటికి ఆ డైరెక్టరీ ఉంటేనే చేరుస్తాయి. అంటే ఇవాళ డైరెక్టరీ చేస్తే ఫలితం తర్వాతి లాగిన్‌కు కనిపిస్తుంది.

ఒకే డైరెక్టరీ రెండుసార్లు చేరకుండా ఒక చిన్న ఫంక్షన్ రాశాను. అందులో కిటుకు ఒకటే: పోల్చే ముందు $పాత్‌కు రెండు చివరలా ఒక్కో కోలన్ అతికించి, వెతికే డైరెక్టరీకి కూడా రెండు వైపులా కోలన్ పెట్టి చూడటం. అలా చేయకపోతే /బిన్ కోసం వెతికినప్పుడు /యూఎస్ఆర్/బిన్‌లోని తోక తగిలి, ఉన్నట్టే అనిపిస్తుంది. షెల్‌లోని కేస్ నిర్మాణంతో ఇది నాలుగైదు వరుసల పని, బయటి ప్రోగ్రాం ఏదీ అక్కర్లేదు. ఫంక్షన్‌కు ఇచ్చిన పేరు ఖాళీ అయితే వెంటనే వెనక్కి వచ్చేయమని ఇంకో వరుస. బుధవారం నాటి ఖాళీ మళ్లీ రాకూడదు.

శుక్రవారం

ఇవాళ హ్యాష్ పట్టిక సంగతి. షెల్ ఒకసారి ఒక కమాండ్‌ను కనుక్కున్నాక ఆ చిరునామాను గుర్తుపెట్టుకుంటుంది, ప్రతిసారీ డిస్కు మీద వెతకదు. మంచిదే. చూడాలంటే హ్యాష్ అని కొడితే ఇప్పటివరకు గుర్తుపెట్టుకున్నవన్నీ వస్తాయి.

చిక్కు ఎక్కడ వస్తుందో చూడటానికి ఒక పరీక్ష పెట్టాను. నకలు స్క్రిప్టు పాత రూపాన్ని /యూఎస్ఆర్/లోకల్/బిన్‌లో పెట్టి ఒకసారి నడిపాను. తర్వాత అదే షెల్‌లో ఉండగానే కొత్త రూపాన్ని ~/బిన్‌లో పెట్టాను. జాబితాలో ~/బిన్ ముందుంది కదా, కొత్తది నడవాలి. నడిచింది పాతదే. విచ్ మాత్రం ~/బిన్‌లోనిదే చూపిస్తోంది, దానికి షెల్ జ్ఞాపకాలతో సంబంధం లేదు. టైప్ నకలు అని అడిగితే నిజం బయటపడింది: హ్యాష్ అయి ఉంది, చిరునామా /యూఎస్ఆర్/లోకల్/బిన్. హ్యాష్ -ఆర్ కొట్టగానే పట్టిక తుడిచిపెట్టుకుపోయి కొత్తది నడిచింది. వేరే షెల్‌లైన జెడ్‌ఎస్‌హెచ్‌లో, సీ షెల్‌లో ఈ పనికి రీహ్యాష్ ఉంది. $పాత్‌కు కొత్త విలువ ఇచ్చినా బాష్ ఈ పట్టికను తానే తుడిచేస్తుంది.

పట్టిక తుడవకముందే పాత స్క్రిప్టును తీసేస్తే ఇంకో రకం లక్షణం. హ్యాష్ అయిన ఫైలు మాయమైతే బాష్ పూర్తి చిరునామాతో సహా "అలాంటి ఫైలు లేదు" అంటుంది. మీరు కొట్టనే కొట్టని చిరునామా తప్పు సందేశంలో కనిపించిందంటే అది హ్యాష్ పట్టికలోంచి వచ్చిందే.

శనివారం

మిగతా మూడు చోట్ల వంతు.

క్రాన్ మీ .ప్రొఫైల్ చదవదు. లాగిన్ జరగలేదు, టెర్మినల్ లేదు. వెనుక ఎప్పుడూ నడుస్తుండే క్రాన్ డెమన్ తానే ఒక చిన్న $పాత్ ఇచ్చి షెల్‌ను పుట్టిస్తుంది. విక్సీ రకం క్రాన్‌లో అది మామూలుగా /యూఎస్ఆర్/బిన్:/బిన్. అంతకు మించి ఏమీ లేదు. క్రాన్‌ట్యాబ్ (క్రాన్ పనులు రాసే ఫైలు) పైభాగంలో పాత్= వరుస రాసుకునే వీలుంది. అక్కడ పాత్=$హోమ్/బిన్:$పాత్ అని రాస్తే మాత్రం పనిచేయదు. అది షెల్ వరుస కాదు, క్రాన్ వేరియబుల్‌లను విడమరచదు, డాలర్ గుర్తు అక్షరంగానే ఉండిపోతుంది. పూర్తి చిరునామాలు విడివిడిగా రాయాలి. రాశాను. స్క్రిప్టు పేరును కూడా పూర్తి చిరునామాతోనే ఇచ్చాను. క్రాన్ విషయంలో నాకు నమ్మకం తక్కువ.

సుడో ఇంకో రకం. /ఈటీసీ/సుడోయర్స్‌లో సెక్యూర్_పాత్ అని ఒక వరుస ఉంటే, మీ $పాత్‌ను పక్కన పెట్టి ఆ జాబితానే వాడుతుంది. కావాలని పెట్టిన కట్టడి అది. వాడుకరి జాబితాలో దూరిన ఏ స్క్రిప్టో రూట్ అనుమతులతో నడవకూడదని. దాన్ని సడలించమని సలహాలు చాలా కనిపిస్తాయి. నేను ముట్టుకోలేదు. ఎప్పుడో ఒకసారి అవసరమైతే సుడో "$(కమాండ్ -వి నకలు)" అంటే సరి. సుడో మొదలయ్యే లోపే నా షెల్ పూర్తి చిరునామా కనుక్కుని చేతికి ఇస్తుంది. తరచూ రూట్‌గా నడిపే స్క్రిప్టులను /యూఎస్ఆర్/లోకల్/బిన్‌కు మార్చి, యాజమాన్యం రూట్‌కు ఇచ్చాను. డెబియన్ సెక్యూర్_పాత్‌లో ఆ డైరెక్టరీ ఉంటుంది. అన్ని లినక్స్‌లలోనూ ఉండదు, చూసుకోవాలి.

ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా లోపలికి వెళ్లి కూర్చుంటే అది లాగిన్ షెల్, .ప్రొఫైల్ చదువుతుంది. "ఎస్‌ఎస్‌హెచ్ యంత్రం నకలు" అని ఒక్క కమాండ్ మాత్రం పంపితే అది లాగిన్ కాదు, ఇంటరాక్టివ్ కూడా కాదు. డెబియన్‌లో బాష్ ఇలాంటప్పుడు .బాష్‌ఆర్‌సీ తెరుస్తుంది. కానీ ఆ ఫైలు మొదట్లోనే "ఇంటరాక్టివ్ కాకపోతే ఇక్కడితో ఆగు" అనే వరుసలు ఉంటాయి. కింద రాసినదేదీ చేరదు. నేను ఇక్కడ కూడా పూర్తి చిరునామాతోనే సరిపెట్టాను. మొదటి రోజు పెట్టుకున్న షరతులో ఇంతమేరకు రాజీ ఉంది. దూరపు యంత్రంలో ఏ ఫైలు నడవాలో స్పష్టంగా రాయడం ఊహకు వదిలేయడం కంటే మేలు.

మాక్‌లో 2019 నాటి క్యాటలీనా నుంచి కొత్త ఖాతాలకు జెడ్‌ఎస్‌హెచ్ మామూలు షెల్. అక్కడ ఒక విచిత్రం ఉంది. .జెడ్‌ఎస్‌హెచ్‌ఎన్వ్‌లో ~/బిన్‌ను ముందు చేరిస్తే, లాగిన్ షెల్‌లో చూసేసరికి అది వెనక్కి పోయి ఉంటుంది. .జెడ్‌ఎస్‌హెచ్‌ఎన్వ్ తర్వాత చదివే /ఈటీసీ/జెడ్‌ప్రొఫైల్‌లో పాత్_హెల్పర్ అనే ప్రోగ్రాం నడుస్తుంది. అది /ఈటీసీ/పాత్స్‌లో ఉన్నవాటిని ముందు పెట్టి, అప్పటికే ఉన్న మిగతావాటిని వెనక చేరుస్తుంది. మందు తేలిక: ఆ తర్వాత చదివే .జెడ్‌ప్రొఫైల్‌లో రాయాలి. జెడ్‌ఎస్‌హెచ్‌లో ఇంకో హాయి ఉంది. చిన్న అక్షరాల పాత్ అనే అరే (విలువల వరుస), పెద్ద అక్షరాల పాత్ రెండూ ముడిపడి ఉంటాయి, ఒకటి మారిస్తే రెండోది మారుతుంది. టైప్‌సెట్ -యూ పాత్ అంటే రెండోసారి వచ్చినవాటిని అదే తీసేస్తుంది. నా ఫంక్షన్‌తో పని లేదు.

ఆదివారం

ఒక ప్రాసెస్‌కు నిజంగా ఏ $పాత్ అందిందో దాన్నే అడిగే మార్గం లినక్స్‌లో ఉంది. /ప్రాక్ కింద ఆ ప్రాసెస్ అంకె పేరుతో ఉన్న డైరెక్టరీలో ఎన్విరాన్ అనే ఫైలు ఉంటుంది. అందులో వరుసల మధ్య సున్నా బైట్ ఉంటుంది కాబట్టి టీఆర్‌తో వాటిని కొత్త వరుసలుగా మార్చుకుని చదవాలి. అది పుట్టినప్పటి విలువ చూపిస్తుంది, తర్వాత ఆ ప్రాసెస్ తనలో తాను మార్చుకున్నది కాదు. ఎవరు ఏమి ఇచ్చారన్నదే నా ప్రశ్న కాబట్టి నాకు కావాల్సిందీ అదే. ప్యానెల్ మీది గుర్తు నొక్కి తెరిచిన ఎడిటర్‌ను ఇలా చూస్తే ~/బిన్ లేదు. డెస్క్‌టాప్ సెషన్ .ప్రొఫైల్ మార్పుకు ముందే మొదలైంది మరి. బయటికి వచ్చి మళ్లీ లాగిన్ అయ్యాక ఉంది. గ్రాఫికల్ లాగిన్‌లో .ప్రొఫైల్ చదువుతుందా లేదా అన్నది లాగిన్ తెర చూపే డిస్‌ప్లే మేనేజర్‌ను బట్టి ఉంటుంది, నా యంత్రంలో చదువుతోంది.

చివరి సర్దుబాటు, ఏ ప్రోగ్రాంతో నడపాలో చెప్పే స్క్రిప్టుల మొదటి వరుసలో. #!/యూఎస్ఆర్/బిన్/ఎన్వ్ పైథాన్3 అని రాస్తే ఏ పైథాన్ దొరుకుతుందో మళ్లీ పిలిచినవారి $పాత్ మీదే ఆధారపడుతుంది. టెర్మినల్‌లో నేను నడిపేవాటికి అదే కావాలి, వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టుకు విడిగా పెట్టుకున్న పైథాన్ అమరిక) తెరిస్తే దానిలోని పైథాన్ దొరుకుతుంది. క్రాన్ నడిపేవాటికి మాత్రం #!/యూఎస్ఆర్/బిన్/పైథాన్3 అని నేరుగా రాశాను.

పరీక్షగా ఎన్వ్ -ఐ బాష్ -సి 'ఎకో $పాత్' నడిపాను. ఎన్విరాన్‌మెంట్ మొత్తం ఖాళీ చేసి పిలిచినా ఒక విలువ వచ్చింది! బాష్‌ను కంపైల్ చేసినప్పుడు అందులో పెట్టిన విలువ అది, ఎవరూ ఇవ్వకపోతే దాన్ని వాడుకుంటుంది. ఎకో బదులు ప్రింట్ఎన్వ్ పాత్ పెడితే ఏమీ రాలేదు. ఆ విలువ షెల్ సొంతానికే, ఎక్స్‌పోర్ట్ కాలేదు. ఖాళీ ఎన్విరాన్‌మెంట్‌తో నకలు, కుదింపు రెండూ నడిచాయి, వాటిలో మొదటి పనిగా $పాత్‌ను స్పష్టంగా పెట్టుకునే వరుస రాశాను కాబట్టి. పేరుమార్పు ఆగిపోయింది. బొమ్మ ఫైళ్లలోంచి తేదీ చదవడానికి అది వాడే ప్రోగ్రాం /ఆప్ట్ కింద ఉంది. దానికీ ఆ వరుస చేర్చాలి, అందులో /ఆప్ట్ డైరెక్టరీ కలపాలి. అది రేపటి పని.